హార్డ్‌డిస్కు రికార్డరులోని ఇంటి వీడియోలను డీవీడీల్లోకి ఎక్కించడం: నాణ్యత తగ్గకుండా చేసే దారి ఏది?

గోదావరిగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా మామగారు 2006లో దుబాయి నుంచి తెప్పించుకున్న డీవీడీ రికార్డరు ఒకటి రాజమహేంద్రవరంలోని మా ఇంట్లో ఉంది. దాని లోపల 160 జీబీల హార్డ్‌డిస్కు ఉంది. ఇంట్లో ఉన్న వీహెచ్ఎస్ క్యాసెట్లను, హ్యాండీక్యామ్ టేపులను ఆయన రెండేళ్లపాటు ఓపిగ్గా అందులోకి ఎక్కించి, ఏ నంబరు టైటిల్‌లో ఏముందో ఒక రూళ్ల పుస్తకంలో రాసి పెట్టారు. ఆయన పోయి ఆరేళ్లయింది. క్యాసెట్లకు బూజు పట్టడంతో ఎప్పుడో పారేశాం కాబట్టి, ఇప్పుడు మిగిలిన ఏకైక ప్రతి ఆ పెట్టెలోనే ఉంది.

మొత్తం 58 టైటిళ్లు ఉన్నాయి. 1994లో జరిగిన మా పెళ్లి, మరిది గారి ఉపనయనం, 2003 పుష్కరాలప్పుడు కోటిలింగాల రేవులో తీసిన దృశ్యాలు, అన్నింటికంటే ముఖ్యంగా మామగారు వీధి అరుగు మీద కూర్చుని పద్యాలు చదివిన గంటన్నర అందులో ఉన్నాయి. పుస్తకంలోని లెక్క ప్రకారం అన్నింటికంటే నాణ్యమైన ఎక్స్‌పీ మోడ్‌లో 9 గంటలు, దాని తరవాతదైన ఎస్‌పీలో 30 గంటలు, నాణ్యత తక్కువైన ఎల్‌పీలో 14 గంటలు రికార్డయ్యాయి.

రెండు నెలలుగా ఆ యంత్రం ఆన్ చేసిన తరవాత తెరుచుకోవడానికి చాలాసేపు తీసుకుంటోంది. రెండుసార్లు మధ్యలో బిగుసుకుపోయింది కూడా. దగ్గరలోని రిపేరు షాపులో అడిగితే, హార్డ్‌డిస్కును బయటికి తీసి కంప్యూటరుకు తగిలించి ఒక్క పూటలో అన్నీ కాపీ చేసి ఇస్తామన్నారు. ఎందుకో మనసొప్పక తిరిగి తెచ్చేశాను. నేనే ప్రయత్నించి ఒక డిస్కు రాశాను గానీ, అది ఈ యంత్రంలో చక్కగా ఆడుతోంది, పక్కింటివాళ్ల ప్లేయరులో పెడితే డిస్కు లేదని చూపిస్తోంది. పెళ్లి వీడియో నిడివి 2 గంటల 40 నిమిషాలు; దాన్ని కాపీ చేయబోతే డిస్కులో చోటు చాలదని, ఎల్‌పీలోకి మార్చమంటారా అని అడుగుతోంది. మార్చవచ్చా? డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు కూడా తనకొక జత డిస్కులు పంపమంటోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

పాతరేడియో:

గోదావరిగట్టు గారూ, ఆ షాపులో ఇవ్వకుండా తిరిగి తెచ్చుకోవడమే మీరు చేసిన మంచి పని. ఈ తరహా రికార్డర్లలో హార్డ్‌డిస్కును ఒక్కొక్క కంపెనీ తనదైన పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటుంది. ఆ పద్ధతి విండోస్‌కు తెలియదు కాబట్టి, తగిలించగానే దాన్ని పనికిరాని డిస్కుగా భావించి, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. పది పనుల హడావిడిలో ఉన్న కుర్రవాడెవరైనా అలవాటుకొద్దీ సరేనని నొక్కితే రెండేళ్ల శ్రమ అక్కడికక్కడ పోతుంది. పైగా కొన్ని మోడళ్లలో డిస్కుకూ బోర్డుకూ జత కుదిర్చి ఉంటుంది. ఒకసారి విడదీసి మళ్లీ బిగిస్తే గుర్తుపట్టక, కొత్తగా ఫార్మాట్ చేస్తేగాని పనిచేయనని యంత్రమే మొండికేయవచ్చు. ఆ డిస్కును తప్పు లేకుండా చదవగలిగేది ప్రస్తుతానికి ఆ పెట్టె ఒక్కటే. అది బతికి ఉండగానే, దాని డీవీడీ రైటరు ద్వారానే బయటికి తెచ్చుకోవాలి.

ఎల్‌పీ సంగతికి వస్తే, మార్చకండి. దీనికి కారణం కొంచెం వివరంగా చెప్పాలి. ఈ రికార్డర్లు రెండు విధాలుగా కాపీ చేస్తాయి. హార్డ్‌డిస్కులో ఎంపెగ్-2 పద్ధతిలో కుదించి ఉన్న వీడియోను ఉన్నదున్నట్టుగా డిస్కు మీదికి దించడం మొదటిది. దీన్ని హైస్పీడ్ కాపీ లేదా హైస్పీడ్ డబ్బింగ్ అంటారు. ఇందులో ఒక్క చుక్క నాణ్యత కూడా పోదు, రెండు గంటల వీడియో పావుగంట అటూఇటూగా పూర్తవుతుంది. రెండోది వీడియోను మొదటి నుంచి ఆడిస్తూ, దాన్ని విప్పి మళ్లీ కుదించి రాయడం. రెండు గంటల వీడియోకు సరిగ్గా రెండు గంటలు పడుతుందంటే యంత్రం ఈ రెండో పని చేస్తోందని అర్థం. ఒకసారి వండిన అన్నాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి ఉడికించినట్టు, ఎంత జాగ్రత్తగా చేసినా మొదటి రుచి రాదు. అందులోనూ ఎస్‌పీ నుంచి ఎల్‌పీకి దిగితే చాలా యంత్రాల్లో చిత్రం అడ్డు కొలత 720 చుక్కల నుంచి 352కు పడిపోతుంది. వీహెచ్ఎస్ నుంచి వచ్చిన చిత్రంలో అసలే గరగర ఎక్కువ. ఆ గరగరను కుదించలేక యంత్రం ముఖాలను గళ్లుగళ్లుగా చేసేస్తుంది. కాబట్టి ఏ మోడ్‌లో ఉన్నది ఆ మోడ్‌లోనే బయటికి రావాలి. ఎల్‌పీలో ఉన్నవాటిని ఎస్‌పీకి పెంచినా లాభమేమీ ఉండదు.

పెళ్లి వీడియోను డిస్కులో ఇమడ్చడానికి దాన్ని రెండుగా విభజించండి. ఎడిట్ మెనూలో టైటిల్‌ను విడగొట్టే అవకాశం ఉంటుంది. 4.7 జీబీ డిస్కులో ఎక్స్‌పీ అయితే గంట, ఎస్‌పీ అయితే రెండు గంటలు, ఎల్‌పీ అయితే నాలుగు గంటలు పడుతుంది కాబట్టి, తలంబ్రాల తరవాతో, భోజనాల దగ్గరో ఎక్కడో సహజంగా ఆగే చోట కోస్తే రెండు భాగాలూ రెండు డిస్కుల్లో నిశ్చింతగా సరిపోతాయి. ఇక మొత్తం లెక్క చూద్దాం. ఎక్స్‌పీ 9 గంటలకు 9 డిస్కులు, ఎస్‌పీ 30 గంటలకు 15, ఎల్‌పీ 14 గంటలకు 4, వెరసి 28. టైటిళ్లు సరిగ్గా డిస్కు నిండేలా కుదరవు, కొన్ని పాడవుతాయి కూడా. అందువల్ల 50 డిస్కుల డబ్బా ఒకటి కొనుక్కుంటే మధ్యలో వెతుక్కోనక్కరలేదు.

పక్కింటి ప్లేయరులో ఆడకపోవడానికి కారణం డిస్కును ఫైనలైజ్ చేయకపోవడమే అయి ఉండాలి. రికార్డరు వీడియోను ముందు రాసి, ఏది ఎక్కడ మొదలవుతుందో చెప్పే విషయసూచికను చివర్లో, మీరు ఫైనలైజ్ నొక్కినప్పుడు పూర్తిచేస్తుంది. అప్పటిదాకా ఆ డిస్కు భాష రాసిన యంత్రానికి మాత్రమే అర్థమవుతుంది. మీ దగ్గరున్న ఆ డిస్కును పారేయకండి. అదే రికార్డరులో పెట్టి డిస్కు మెనూలోంచి ఫైనలైజ్ చేస్తే సరిపోతుంది. ఒక్కసారే రాయగలిగే డీవీడీ-ఆర్‌ను ఒకసారి ఫైనలైజ్ చేశాక అందులో ఇంకేమీ చేర్చలేరని మాత్రం గుర్తుంచుకోండి.

పుస్తకంలోని వరస ప్రకారం ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టకండి. మామగారి పద్యాలు ముందు, ఆ తరవాత పెళ్లి, పుష్కరాలు, ఆ తరవాతే మిగతావి. యంత్రం ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. హార్డ్‌డిస్కు మీద ఏదీ చెరపవద్దు, కొత్తగా ఏదీ రికార్డు చేయవద్దు. పెళ్లి వీడియో లాంటివి కోయక తప్పనప్పుడు కూడా, మీ యంత్రంలో ప్లేలిస్టు సౌకర్యం ఉంటే అసలు టైటిల్‌ను ముట్టుకోకుండా ప్లేలిస్టుగా రెండు భాగాలు చేసుకుని కాపీ చేయండి. కరెంటు పోతే రాస్తున్న డిస్కు ఎలాగూ పాడవుతుంది, హార్డ్‌డిస్కుకు దెబ్బ తగిలితే అసలుకే మోసం. కంప్యూటరుకు వాడే మామూలు యూపీఎస్ ఈ యంత్రానికి చాలు. అది లేకుండా మొదలుపెట్టవద్దని నా సలహా.

కాజీపేట కెమెరా:

పాతరేడియో గారు చెప్పినదానికి డిస్కుల గురించి నాలుగు మాటలు చేరుస్తాను. ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి వీడియోలు తీసి ఇచ్చిన వృత్తి నాది. రాసిన డిస్కులు తిరిగి నా దగ్గరికే వస్తాయి కాబట్టి ఏవి నిలిచాయో, ఏవి నిలవలేదో కళ్లారా చూశాను.

డీవీడీ-ఆర్‌లో వీడియో నిలిచేది ఒక రంగు పూత మీద. లేజరు ఆ పూతను కాల్చి గుర్తులు పెడుతుంది. ఎండ ఆ పూతకు శత్రువు. తేమ దాని వెనకున్న అద్దం లాంటి పొరను తినేస్తుంది. గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డిస్కులను ప్లాస్టిక్ కవర్ల ఆల్బంలో కుక్కి బీరువా అడుగున పడేయకుండా, ఒక్కొక్కదానికి గట్టి పెట్టె కొని, పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి. పైన కాగితం స్టిక్కర్లు అంటించవద్దు. ఆ జిగురు ఏళ్ల తరవాత పైపూతను లాగేస్తుంది, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు ఒరిగి డిస్కు కదులుతుంది కూడా. మా దగ్గర పెళ్లికొడుకూ పెళ్లికూతుళ్ల ఫొటోతో రంగురంగుల స్టిక్కరు వేయకపోతే పార్టీలు ఒప్పుకునేవారు కాదు. ఇవాళ చెడిపోతున్న డిస్కుల్లో ఎక్కువ భాగం అవే. సీడీల కోసం అమ్మే మార్కరుతో మధ్యలోని పారదర్శకమైన వలయం మీద నంబరు ఒక్కటి రాసి, వివరాలను పెట్టెలోని కాగితం మీద రాసుకోండి.

ఏ డిస్కు కొనాలన్నది ఇప్పుడు చిక్కు ప్రశ్నే. ఒకప్పుడు నోయిడాలో తయారైన మోజర్ బేయర్ డిస్కులు ప్రతి ఊళ్లోనూ దొరికేవి. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. జపాన్‌లో మంచి పేరున్న తైయో యుడెన్ కూడా 2015లో డిస్కుల తయారీ మానేసింది. ఇప్పుడు నేను వెర్బేటిమ్ వాడుతున్నాను. ఏళ్ల తరబడి షాపు అద్దం వెనక ఎండలో ఉన్న డబ్బాను సగం ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. రాయకముందే సగం ఆయుష్షు అయిపోయి ఉంటుంది. 2006 నాటి యంత్రానికి 16ఎక్స్ వేగపు డిస్కులు కొన్నిసార్లు రుచించవు. 8ఎక్స్‌వి దొరికితే మేలు. ముందు రెండు మూడు రాసి చూసి, అవి ఆడితేనే డబ్బా మొత్తం కొనండి.

మొదలుపెట్టే ముందు యంత్రం వెనకనున్న ఫ్యానుకు పట్టిన దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి. వేసవిలో మధ్యాహ్నం పూట కాకుండా పొద్దున్నే పని పెట్టుకుని, రెండు డిస్కులు రాశాక కాసేపు చల్లారనివ్వండి. మీరు చెప్పిన బిగుసుకుపోవడం వేడి వల్ల కూడా కావచ్చు.

బిట్టుబైటు:

అందరూ డిస్కుల గురించే మాట్లాడుతున్నారు గానీ, ఈ రోజుల్లో కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండడం లేదు. అంత శ్రమపడి డీవీడీలు రాసి ఎవరు చూస్తారు? అన్ని యంత్రాల హార్డ్‌డిస్కులూ చదవలేనివి కావు. ఐసోబస్టర్ అనే ప్రోగ్రాము కొన్ని కంపెనీల రికార్డరు డిస్కులను నేరుగా చదివి టైటిళ్లను ఫైళ్లుగా తీసి ఇస్తుంది. పాతరేడియో గారు అనవసరంగా భయపెడుతున్నారనిపించింది.

పాతరేడియో:

బిట్టుబైటు గారు చెప్పిన ప్రోగ్రాము నిజంగానే ఉంది, నేనూ వాడాను. అయితే అది యంత్రం పూర్తిగా మూగబోయిన తరవాత పట్టాల్సిన దారి. అప్పుడు కూడా ముందు ఆ డిస్కును సెక్టారుకు సెక్టారుగా ఇంకో డిస్కులోకి దించుకుని, ఆ నకలు మీద ప్రయత్నాలు చేయాలి తప్ప అసలు మీద కాదు. అనుభవం ఉన్నవారి చేతిలో అది మందు, షాపులో హడావిడిగా చేస్తే గండం. ఏ మోడల్ అయినా సరే, యంత్రం ఇంకా పనిచేస్తుండగా ఒక్క స్క్రూ కూడా విప్పనక్కరలేదన్న నా మాటను మార్చుకోను.

డిస్కులెందుకన్న ప్రశ్నకు మాత్రం ఆయనతో సగం ఏకీభవిస్తాను. ఇక్కడ డిస్కు ఒక పడవ లాంటిది. రికార్డరు నుంచి వీడియోను నాణ్యత పోకుండా కంప్యూటరు గట్టుకు చేర్చడానికి మీ యంత్రంలో వేరే రేవు లేదు కాబట్టి పడవ ఎక్కక తప్పదు. అవతలికి చేరాక అక్కడ కూడా ఒక ప్రతి ఉంచుకోవాలి. ప్రతి డిస్కునూ ఫైనలైజ్ చేసిన వెంటనే కంప్యూటరులో పెట్టి, మేక్ ఎంకేవీ అనే ప్రోగ్రాముతో టైటిళ్లను ఫైళ్లుగా తీసుకోండి. డీవీడీలో వీడియో ఒక్కొక్కటి 1 జీబీ మించని వీఓబీ ముక్కలుగా ఉంటుంది; ఆ ముక్కలను విడివిడిగా లాగి పెట్టుకుంటే తరవాత అతుకుల దగ్గర ఇబ్బంది పడతారు. మేక్ ఎంకేవీ వాటిని మళ్లీ కుదించకుండా ఒక్క ఫైలుగా కలిపి ఇస్తుంది. డిస్కు సరిగ్గా రాసిందా లేదా అన్నదానికి ఇదే పరీక్ష కూడా: మొదటి నుంచి చివరిదాకా చదవగలిగితే డిస్కు మంచిదే. 4.7 జీబీ డిస్కును కంప్యూటరు సుమారు 4.38 జీబీగా చూపిస్తే కంగారుపడకండి. డిస్కు కంపెనీలు వెయ్యితో గుణిస్తాయి, విండోస్ 1024తో గుణిస్తుంది, తేడా అంతే.

గోదావరిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. యూపీఎస్ తెచ్చుకుని, ఫ్యాను దులిపి, గత ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. పాత డిస్కును ఫైనలైజ్ చేయగానే పక్కింటి ప్లేయరులో ఆడింది. పద్యాల టైటిల్ ఎక్స్‌పీలో ఉండటంతో రెండు డిస్కులు పట్టింది. హైస్పీడ్‌లో ఒక్కొక్కటి పది నిమిషాల్లో పూర్తయింది. ఇప్పటికి 14 డిస్కులు రాశాను.

రెండు సమస్యలు ఎదురయ్యాయి. మొదటిది, 11 టైటిళ్లకు హైస్పీడ్ అనే ఎంపికే రావడం లేదు, అది బూడిదరంగులో ఉండిపోతోంది. పుస్తకంలో చూస్తే అవన్నీ మామగారు మొదటి రెండు నెలల్లో ఎక్కించినవి. రెండోది, పెళ్లి వీడియోను తలంబ్రాల తరవాత కోశాను గదా, రెండో డిస్కు మొదట్లో అంతకు ముందు దృశ్యం తాలూకు అర సెకను ముక్క మెరిసి మాయమవుతోంది. యంత్రం తెర మీద చూసుకుని కోసినప్పుడు అది లేదు. నేను తప్పు కోశానా?

పాతరేడియో:

మీరు తప్పేమీ చేయలేదు. ఎంపెగ్-2లో ప్రతి బొమ్మా పూర్తి బొమ్మ కాదు. 12 నుంచి 15 ఫ్రేముల గుంపులో మొదటిది మాత్రమే పూర్తిగా ఉంటుంది, మిగతావి దానితో పోలిస్తే ఏం మారిందో చెప్పే ముక్కలు. మన దేశపు టీవీలు వాడే పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఒక గుంపు నిడివి అర సెకను అటూఇటూగా ఉంటుంది. హైస్పీడ్ కాపీ గుంపును మధ్యలో కోయలేదు, గుంపు మొత్తాన్నీ తీసుకుంటుంది; అదే ఆ మెరుపు. దాన్ని పోగొట్టాలంటే మళ్లీ కుదించే పద్ధతిలో కాపీ చేయాలి. అర సెకను కోసం గంటంబావు వీడియో నాణ్యతను వదులుకోవడం నాకు సమ్మతం కాదు. కావాలంటే రెండో భాగాన్ని మొదలుపెట్టే చోటును కొంచెం ముందుకో వెనక్కో జరిపి చూడండి. ఒక్కోసారి గుంపు సరిహద్దు మీద పడి శుభ్రంగా వస్తుంది.

ఆ 11 టైటిళ్ల సంగతి వేరు. చాలా రికార్డర్ల సెట్టింగుల్లో, హైస్పీడ్ కాపీకి అనువుగా రికార్డు చేయాలా వద్దా అని ఒక అంశం ఉంటుంది. అది ఆఫ్‌లో ఉండగా రికార్డయినవి మామూలు ప్లేయర్లలో ఆడే వీడియో మోడ్ డిస్కు మీదికి హైస్పీడ్‌లో దిగవు. మీ మామగారు మొదటి రెండు నెలల తరవాత దాన్ని గమనించి ఆన్ చేసి ఉంటారు. ఇప్పుడు దాన్ని మార్చినా పాతవాటికి వర్తించదు. కానీ దీనికి ఒక పక్కదారి ఉంది: వీఆర్ మోడ్ డిస్కు. ఇది రికార్డర్లు తమలో తాము వాడుకునే పద్ధతి. హార్డ్‌డిస్కులో వీడియో ఉన్న తీరుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ టైటిళ్లు కూడా ఏ మార్పూ లేకుండా దిగుతాయి. దీనికి డీవీడీ-ర్యామ్ డిస్కు గానీ, వీఆర్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డీవీడీ-ఆర్‌డబ్ల్యూ గానీ కావాలి. పానాసోనిక్ యంత్రాలు ర్యామ్‌నూ, పయనీర్, సోనీ యంత్రాలు ఆర్‌డబ్ల్యూనూ ఆదరించాయి. మీ యంత్రం ముందు భాగంలో ఉన్న గుర్తులు చూస్తే ఏది నప్పుతుందో తెలుస్తుంది. రెండు మూడు డిస్కులు చాలు, చెరిపి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

ఆ డిస్కును కంప్యూటరులో పెడితే లోపల వీఆర్ఓ అనే పొడిగింపుతో ఒకే పెద్ద ఫైలు కనబడుతుంది. డిస్కు మీద ఎన్ని టైటిళ్లున్నా అన్నీ అందులోనే వరసగా కలిసి ఉంటాయి. అందువల్ల గందరగోళం వద్దనుకుంటే ఒకసారికి ఒక్క టైటిల్‌నే దించి, ఫైలును కంప్యూటరులోకి తీసుకుని, డిస్కును చెరిపి, తరవాతి టైటిల్‌కు వెళ్లండి. ఆ ఫైలు వీఎల్‌సీ అనే వీడియో ప్రోగ్రాములో నేరుగా ఆడుతుంది. చెరిపే ముందు ఫైలును ఒకసారి చివరిదాకా జరిపి చూసుకోవడం మరవకండి. ఆర్‌డబ్ల్యూ, ర్యామ్ డిస్కులు ఇలా మోసుకురావడానికి మంచివే గానీ, దాచిపెట్టుకోవడానికి నేనైతే డీవీడీ-ఆర్‌నే నమ్ముతాను.

డాలస్ తెలుగు:

మీ ఆడపడుచు గారి డిస్కుల విషయంలో ఒక మాట చెప్పాలి. మా నాన్నగారు విజయవాడ నుంచి ఇలాగే ప్రేమగా పంపిన డిస్కులు ఇక్కడి ప్లేయరులో ఆడక, అది రీజియన్ కోడ్ (ఒక ప్రాంతపు డిస్కు ఇంకో ప్రాంతపు ప్లేయరులో ఆడకుండా పెట్టే గుర్తు) గొడవేమోనని చాలాకాలం పొరబడ్డాం. ఇంట్లో రాసుకున్న డిస్కులకు రీజియన్ కోడ్ ఉండదు. అసలు తేడా మన దేశంలోనూ దుబాయిలోనూ వాడే పాల్ పద్ధతికీ, అమెరికాలో వాడే ఎన్‌టీఎస్‌సీకీ మధ్య ఉంది: అక్కడ 576 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు, ఇక్కడ 480 గీతలు, సుమారు 30 ఫ్రేములు. ఇక్కడ అమ్మే ప్లేయర్లలో చాలావాటికి పాల్ డిస్కు అర్థం కాదు. కంప్యూటరులో మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా ఆడుతుంది.

అందువల్ల ఆమెకు డిస్కుల జత పోస్టులో పంపడం కంటే, మీరు తీసి పెట్టుకున్న ఫైళ్లను చిన్న పోర్టబుల్ హార్డ్‌డిస్కులో వేసి, ఎవరైనా ఇటు వస్తున్నప్పుడు వాళ్ల చేతికి ఇవ్వండి. దాంతో మీ ఇంటికి వేల మైళ్ల దూరంలో ఇంకో ప్రతి ఉన్నట్టవుతుంది. కంప్యూటరులో చూసేటప్పుడు మనుషులు కదిలినచోట దువ్వెన పళ్ల లాంటి గీతలు కనిపిస్తే వీడియో పాడయిందనుకోవద్దని ఆమెకు ముందే చెప్పండి. పాత టీవీల కోసం ప్రతి ఫ్రేమునూ సరి గీతలు, బేసి గీతలుగా విడదీసి రాసేవారు. వీఎల్‌సీలో డీఇంటర్లేస్ అన్నదాన్ని ఆన్ చేస్తే ఆ గీతలు పోతాయి. ఫోనులో చూసుకోవడానికి చిన్న ఫైళ్లు కావాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాముతో ఎంపీ4 చేసుకోవచ్చు, కానీ పెద్ద ఫైళ్లను ఆ తరవాత చెరిపివేయవద్దు.

గోదావరిగట్టు:

పని దాదాపు పూర్తయింది కాబట్టి జరిగింది చెప్పడం మర్యాద. మా యంత్రం మీద ర్యామ్ గుర్తు ఉంది. ఆ డిస్కులు రాజమహేంద్రవరంలో ఎక్కడా దొరకలేదు. మరిది గారు హైదరాబాదులో తిరిగి తిరిగి రెండు సంపాదించి పంపారు. మా కంప్యూటరులోని డ్రైవు వాటిని చదవకపోతే, చదవగలిగే డ్రైవు ఉన్న ఒక స్నేహితురాలి ఇంటికి మూడు సాయంత్రాలు మోసుకెళ్లాను. 11 టైటిళ్లూ వచ్చాయి.

మొత్తం మీద డీవీడీ-ఆర్‌లు 31 వాడాను, వాటిలో మూడు పాడయ్యాయి. మూడూ ఒకే మధ్యాహ్నం రాసినవి. కాజీపేట కెమెరా గారి మాట వినకుండా ఎండలో పని పెట్టుకున్న ఫలితం అది. ఫైళ్లన్నీ కలిపి 120 జీబీల పైచిలుకు అయ్యాయి. ఒక ప్రతి మా దగ్గర, ఇంకొకటి మరిది గారి దగ్గర ఉన్నాయి. సంక్రాంతికి వచ్చి వెళ్లే బంధువుల చేత డాలస్‌కు మూడోది పంపాలి.

ఉపనయనం టైటిల్ ఒక్కటే సతాయిస్తోంది. 41వ నిమిషం దగ్గరికి రాగానే కాపీ ఆగిపోతోంది. ఆడించినా అక్కడే బొమ్మ గడ్డకట్టి, అర నిమిషం తరవాత ముందుకు సాగుతోంది. రెండుసార్లు ప్రయత్నించి ఆపేశాను. దీనికేమైనా ఉపాయం ఉందా?

పాతరేడియో:

హార్డ్‌డిస్కు మీద ఆ చోట పాడయింది. మిగతావన్నీ బయటికి వచ్చేశాయి కాబట్టి ఇప్పుడు కొంచెం సాహసించవచ్చు. ప్లేలిస్టులో రెండు ముక్కలు చేయండి: మొదటి నుంచి 40వ నిమిషం దాకా ఒకటి, 42వ నిమిషం నుంచి చివరిదాకా ఇంకొకటి. రెండింటినీ హైస్పీడ్‌లో విడిగా దించండి. ఆ తరవాత మధ్యలోని రెండు నిమిషాల కోసం, యంత్రం వెనక నుంచి బొమ్మకు ఎస్-వీడియో లేదా పసుపు తీగ, ధ్వనికి ఎరుపు, తెలుపు తీగల ద్వారా కంప్యూటరుకు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం తగిలించి, ఆడిస్తూ రికార్డు చేయండి. గడ్డకట్టిన అర నిమిషం పోతుంది, మిగతా గంటన్నర చేతికొస్తుంది. ఆ మొదటి రెండు ముక్కలూ కాపీ అయ్యేదాకా యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయకండి. ఇలాంటి డిస్కులు ఆన్ అయ్యేటప్పుడే ఎక్కువగా మొరాయిస్తాయి.

గోదావరిగట్టు:

రెండు ముక్కలూ నిన్న రాత్రి దిగాయి. క్యాప్చర్ పరికరం రేపు వస్తుందన్నారు. యంత్రాన్ని ఆపకుండా యూపీఎస్ మీద అలాగే ఉంచాను. 41వ నిమిషంలో ఏముందోనని మామగారి పుస్తకం తీసి చూస్తే, బ్రహ్మోపదేశం అయిపోయి వటువు భిక్షకు బయల్దేరే చోటు అది. మా అత్తగారు బియ్యం వేసే దృశ్యం 42వ నిమిషంలో ఉంది. అది మొదటి ప్రయత్నంలోనే వచ్చేసింది.